కుంకుమ బరిణెలో పసుపు సూదులు

కోదాడ ఇంజనీరింగు కాలేజీ స్టాఫ్ రూములో పరశురాములుకు ఇంకో పేరు ఉండేది. ఆకుపచ్చ సారు. పెట్టింది ఫిజిక్సు చెప్పే జగదీశ్. "ఇయ్యాలన్నా పచ్చగైందా సారూ?" అని పొద్దున్నే అడిగేవాడు. మిగిలినవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని నవ్వేవాళ్లు. పరశురాములు కూడా నవ్వేవాడు. నవ్వక చేసేదేముంది, ఎదురు చెబితే ఇంకో నాలుగు అంటారు. అన్నీ దిగమింగుకునే మనిషిని చూసి లోకం ఎంత మంచివాడో అనుకుంటుంది. మింగినదంతా ఏదో ఒక రోజు, తనకంటే తక్కువవాళ్లు ఎవరు దొరికితే వాళ్ల మీద కక్కుతాడని లోకానికేం తెలుసు!

ఆయన పుట్టింది తుంగతుర్తి దగ్గర గొల్లల ఇంట్లో. తండ్రికి నూట ఇరవై జీవాలు. పదో తరగతి దాకా ఎండాకాలం సెలవులన్నీ మంద వెనకే గడిచాయి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసి 2001లో కోదాడలో చేరాడు. సూర్యాపేటలో కిరాయి ఇల్లు, రోజూ హైవే మీద బస్సు. మొదటి ఏడాది పిల్లలకు నీళ్లలో సున్నం ఎంతుందో కొలవడం నేర్పడమే ఉద్యోగం. రెండేళ్లకు పార్ట్ టైం పీహెచ్‌డీకి పేరు రాయించుకున్నాడు. డాక్టరేటు లేనివాళ్లను మేనేజిమెంటు ఏదో ఒక రోజు ఇంటికి పంపుతుందని అందరూ అనుకుంటున్న రోజులవి. ఆ భయం ఆయనకూ ఉంది కానీ, అంతకంటే పెద్ద పిచ్చి ఇంకొకటి పట్టుకుంది.

ఆయన తయారు చేసేవి ఒక రకం అణువులు. ఒక కొసన ఎలక్ట్రాన్లు ఇచ్చే గుంపు, రెండో కొసన లాక్కునే గుంపు, మధ్యలో వంతెన. "ఒక దిక్కు ఇచ్చేటోడు, ఒక దిక్కు గుంజుకునేటోడు" అని క్లాసులో చెబితే పిల్లలు ఆఫీసు గది వైపు చూసి కిసుక్కున నవ్వారు. ఇలాంటి అణువులు ఒకే వైపు తల పెట్టి వరసగా పేరుకున్న స్ఫటికం మీద కంటికి కనపడని లేజరు వెలుగు పడితే, అవతల నుంచి ఆకుపచ్చ వెలుగు బయటికొస్తుంది. కనపడనిది లోపలికి పోయి పచ్చగా బయటపడడమన్నమాట. ఆ ముక్క పుస్తకంలో చదివిన రోజు పరశురాములుకు అన్నం సహించలేదు.

చిక్కల్లా ఆ ఒకే వైపు తల పెట్టడం దగ్గరే ఉంది. అణువు ఎంత బలమైనదైతే అంత మొండిగా పక్కదానికి ఎదురు తిరిగి పడుకుంటుంది. దీని తల పక్కన దాని తోక. ఇది ఇటు గుంజితే అది అటు గుంజి, లెక్కంతా సున్నా. మిట్టమధ్యాహ్నం ఎండకు గొర్రెలు ఒకదాని కడుపు కింద ఇంకొకటి తల దూర్చి నిలబడతాయి. అలా నిలబడ్డ మందను ఎన్ని కేకలేసినా కదిలించలేమని ఆయనకు పదేళ్ల వయసులోనే తెలుసు. అయినా మూడేళ్లలో ముప్ఫై అణువులు చేశాడు. కాగితం మీద ఒక్కొక్కటీ పులి, స్ఫటికం కట్టాక అన్నీ గొర్రెలే.

ఆ ల్యాబులో ఆయనకు ఉన్న ఒక్క సాయం నాగరాణి. చిన్నాయన కూతురు, అంటే చెల్లెలే. మేళ్లచెరువు దారిలో లారీ తిరగబడి మొగుడు పోతే, ఆరేళ్ల ఆడపిల్ల వర్షిణిని చంకనేసుకుని వచ్చింది. పరశురాములు మాట సాయం చేసి ల్యాబు అటెండరుగా పెట్టించాడు. మొదటి రోజే గేటు దగ్గర ఆపి చెప్పాడు.

"కాలేజీల అన్నా అనకు. సార్ అను."

"ఎందుకన్నా?"

"అనకంటే అనకు. ఇంటికాడ ఏమన్నా అనుకో, గీడ మాత్రం సార్."

ఆమె బాధపడలేదు. పెద్ద చదువు చదివిన అన్న, ఏదో కారణం ఉండే ఉంటుందనుకుంది. గేటు లోపల సార్, గేటు బయట అన్న. రెండేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. గ్లాసు సామాను కడగడం, గిన్నెల్లో ద్రావణాలు చిక్కబడుతుంటే మూతలు సర్దడం, అన్నీ చూసి నేర్చుకుంది. "మీ పని పెరుగు తోడేసినట్టే ఉన్నది సార్, కదపకుంటెనే పేరుకుంటది" అని ఒకసారి అంటే, పరశురాములు విసుక్కున్నాడు. ఐదో తరగతి చదివిన మనిషి తన రసాయనశాస్త్రాన్ని పెరుగుతో పోల్చడం ఆయనకు చిన్నతనమనిపించింది.

2006 ఎండాకాలం. ముప్ఫై ఒకటో అణువు తయారీకి నాలుగు నెలలు పట్టింది. కొంచెం విడిగా తీసి స్ఫటికం కట్టించి చూస్తే ఇటుక రంగు పలకలు వచ్చాయి. మిగతాది మొత్తం గాజు గిన్నెలో స్పిరిట్లో కరిగించి స్టోరు గదిలో పెట్టాడు. అప్పుడే యూనివర్సిటీ పేపర్లు దిద్దడానికి ఇరవై రోజులు హైదరాబాదు పొమ్మని ఆర్డరొచ్చింది. పోతూ నాగరాణికి చెప్పాడు.

"రోజూ సూడు. ముట్టకు. ఎండిపోయిందంటే నాలుగు నెలలు గంగల కలిసినట్టే."

చూడమన్నాడు, ముట్టొద్దన్నాడు, ఎండిపోవద్దన్నాడు. ఎండిపోతే ఏం చేయాలో చెప్పలేదు. తెలివైనవాళ్లు ఇచ్చే ఆజ్ఞలు ఇలాగే ఉంటాయి, తప్పు మాత్రం చేసినవాళ్ల మీదికి పోతుంది.

తిరిగొచ్చి స్టోరు తలుపు తీసేసరికి గాజు గిన్నె బోర్లించి ఉంది. గోడ మూలన మట్టి చిప్ప, చుట్టూ తడి గోనె గుడ్డ. చిప్పలో ఇటుక రంగు పలకలు లేవు. వేలెడు పొడవున పసుపు సూదులున్నాయి. మట్టి కలిసింది, మురికి కలిసింది, నాలుగు నెలల పని బురదపాలైందనుకున్నాడు పరశురాములు.

"ఏం జేసినవే?"

"ఎండిపోయింది సార్. వారం దినాలల్లనే అట్టు కట్టింది. మీరేమో ఎండొద్దంటిరి. గందుకని ఒక గిలాసెడు స్పిరిట్ పోసి కరగవెట్టి, సల్లగుంటదని చిప్పల..."

"ముట్టకన్న గద!"

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యి ఎత్తాడు. కొట్టలేదు కానీ ఆ ఎత్తిన చేతికే ఆమె గోడకు జరిగి నోరు మూసుకుంది. అసలు విషయం ఆ మూసుకున్న నోట్లోనే ఉండిపోయింది.

అంతటితో పోయేదే. కానీ అదే మధ్యాహ్నం వాచ్‌మన్ ఎర్రయ్య వచ్చి కరస్పాండెంటు శశిధర్ రెడ్డి పిలుస్తున్నాడన్నాడు. వచ్చే వారం తనిఖీ. స్పిరిట్టు ఎక్సైజు పర్మిట్ మీద వచ్చే సరుకు, చుక్క చుక్కకూ రిజిస్టరుంటుంది. కొలిస్తే మూడు లీటర్లు తక్కువుంది. ఆ మూడు లీటర్లలో నాగరాణి పోసింది ఒక్క గ్లాసు. మిగతాదంతా రెండేళ్లుగా పరశురాములు తన సొంత పరిశోధనకు చెప్పకుండా వాడుకున్నది. సొంత పీహెచ్‌డీకి కాలేజీ సరుకు వాడితే ఉద్యోగం ఊడుతుందని అపాయింట్‌మెంటు కాగితంలోనే ఉంది.

"ఏంటి సారూ ఇది? ఎవరు తీశారు?" అన్నాడు శశిధర్ రెడ్డి.

పరశురాములుకు ఆలోచించడానికి ఒక్క నిమిషం దొరికింది. ఆ నిమిషంలో చిప్ప గుర్తొచ్చింది, కోపం గుర్తొచ్చింది, ఉద్యోగం గుర్తొచ్చింది. "అటెండరును అడగండి" అన్నాడు.

నాగరాణిని స్టాఫ్ రూములో అందరి ముందూ నిలబెట్టారు.

"తాగినవా, అమ్మినవా?" అని అడిగాడు శశిధర్ రెడ్డి.

"గిన్నెల పోసిన సార్. ఒక్క గిలాసెడు."

"మూడు లీటర్లు చిప్పలో పట్టినయంట" అన్నాడు జగదీశ్. గదంతా నవ్వింది. ఆమె నవ్వేవాళ్లను చూడలేదు, పరశురాములు వైపే చూసింది. తన అన్న ఇప్పుడు నోరు తెరుస్తాడు, నిజం చెబుతాడు అని ఆ చూపులో ఎంత నమ్మకముందో ఆయనకు కనిపిస్తూనే ఉంది. ఆయన రిజిస్టరు తెరిచి రాశాడు: మూడు లీటర్లు తక్కువ, అటెండరు నాగరాణి దొంగతనం. కింద తన సంతకం పెట్టి, ఆమె చేత కూడా సంతకం పెట్టించాడు. నా, గ, రా, ణి. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని రాసింది పాపం, తను దొంగనని తానే.

కోదాడలో మాటకు కాళ్లెక్కువ. వారం తిరక్కుండానే ఆమె తాగుతుందని, అమ్ముతుందని, రెండూ చేస్తుందని మూడు కథలయ్యాయి. బడిలో పిల్లలు వర్షిణిని స్పిరిట్ పిల్ల అన్నారు. పిల్ల బడి మానేసింది. అదే నెలలో తల్లీబిడ్డలు మిర్యాలగూడ పోయారు, రైసు మిల్లులో ఉప్పుడు వడ్లు ఎండబోసే పనికి. పోయే రోజు బస్టాండులో పరశురాములు ఎదురయ్యాడు. ఆయన తల పక్కకు తిప్పుకుని సూర్యాపేట బస్సెక్కాడు.

ఆ చిప్పను పారేయడానికి కూడా ఆయనకు మనసు రాక స్టోరులోనే ఉంది. మరుసటి జనవరిలో బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థలో లేజరు పరీక్షకు రోజు దొరికింది. ఎనిమిది నెలలు బతిమాలితే దొరికిన రోజు. ఉన్న నమూనాలన్నీ గొట్టాల్లో నింపాడు. ఖాళీ గొట్టం ఒకటి మిగిలితే పోనీ అని ఆ పసుపు సూదుల్ని కూడా నూరి పోశాడు.

చీకటి గదిలో ఒకదాని తర్వాత ఒకటి ముప్ఫై గొట్టాలు నల్లగానే ఉండిపోయాయి. యంత్రం నడిపే అతను ఆవలించాడు. చివరి గొట్టం పెట్టాడు. గది పచ్చబడింది. నారుమడి రంగు. గోడల మీద, అతని కళ్లద్దాల మీద, పరశురాములు చేతుల మీద ఆ పచ్చదనం. ఆ వెలుగు బలాన్ని యూరియా పొడితో పోల్చి కొలుస్తారు. "సార్, యూరియా కంటే యాభై రెట్లు" అన్నాడు అతను. పరశురాములు అక్కడే కింద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అతను మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అప్పుడైనా నాగరాణి గుర్తొచ్చిందా అంటే, రాలేదు. గుర్తొచ్చింది జగదీశ్.

ఆ సంబరం యూనివర్సిటీలో పీహెచ్‌డీ గైడు గడప దగ్గరే ఆగింది. అణువులు ఎలా పేరుకున్నాయో ఎక్స్‌రేలో చూడాలంటే నూరని స్ఫటికం కావాలి. ఈయనేమో అన్నీ నూరేశాడు. మిగిలిన పొడి దారిలోనే పసుపు పోయి ఇటుక రంగుకు తిరిగింది. మళ్లీ లేజరు పెడితే నల్లగా ఉంది. గైడు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఒకసారి వచ్చింది పుకారు. రెండోసారి వస్తేనే ఫలితం. మళ్లీ చేసుకురా" అన్నాడు.

మళ్లీ చేశాడు. ఇటుక పలకలు వచ్చాయి. కుమ్మరి దగ్గర మట్టి చిప్పలు తెచ్చాడు, తడి గోనె చుట్టాడు, అదే స్పిరిట్టు పోశాడు. ఇటుక పలకలే. ఏడాదిన్నరలో పందొమ్మిది సార్లు. "సారు కుండల దుకాణం పెట్టిండు" అని జగదీశ్ స్టాఫ్ రూమును నవ్వించాడు. థీసిస్ ఇవ్వడానికి గడువు 2009 మార్చి. అక్టోబరు దాటాక పరశురాములుకు నిద్ర పోయింది, ఆకలి పోయింది. ఆ రోజు గోడకు జరిగిన మనిషి నోట్లో ఏదో మాట ఆగిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది.

మిర్యాలగూడలో మిల్లు వెనక ఒంటి గది. ఉప్పుడు వడ్ల ఆవిరి వాసన. నాగరాణి చీపురు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, గది మూలన ఇసుక మీద పెట్టిన కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది.

"మంచిగున్నవా అన్నా? చిక్కిపోయినవేంది?"

తిట్టినా బాగుండేది. ఆయన నీళ్లు తాగి, ఆమె ముఖం చూడకుండానే అడిగాడు.

"రాణీ, ఆ చిప్పల ఏం జేసినవో జర చెప్పు. స్పిరిట్ పోసినవు, చిప్పల వెట్టినవు. ఇంకేమన్న జేసినవా?"

"తోడేసిన."

"ఏం తోడు?"

"కిటికీ కాడ పేరు లేని సీస ఉండె. అడుగున జరంత పిండి ఉంటె గీకి ఏసిన. తోడు లేంది ఏదన్న పేరుకుంటదా అన్నా? గా దినం చెప్తామంటె నువ్వు చెయ్యెత్తితివి."

ఒకదాంట్లో ఇంకొకటి చిటికెడు కూడా కలవకూడదనేది ఆయన చదువుకున్న చదువుకు మొదటి పాఠం. అందుకే ఆ పని ఆయన వెయ్యేళ్లయినా చేసేవాడు కాదు. ఆ పిండి చెడిపోయి, పేరు కూడా రాయకుండా ఆయన వదిలేసిన ఏదో పాత అణువు. దాని మీద కాలు మోపి ముప్ఫై ఒకటో అణువు ఇటు తిరగాల్సిందల్లా అటు తిరిగింది.

"ఆ సీస ఏమైంది?"

"కడిగి బోర్లిచ్చిన. నా పని గదేనాయె."

ఆయన తల పట్టుకున్నాడు. నాగరాణి కాసేపు చూసి, లేచి, కుండ కింది ఇసుకలో చెయ్యి పెట్టి ఒక ఇత్తడి కుంకుమ బరిణె తీసింది. మొగుడు పోయాక అందులో కుంకుమ లేదు. మూత తీస్తే నాలుగైదు పసుపు సూదులు మెరిశాయి.

"మంచిగ మెరుస్తున్నయని పోయే దినం తెచ్చుకున్న. మీరందరు నన్ను దొంగ అంటిరి. నేను దొంగిలించింది గిదొక్కటే."

ఒక్క సూది చాలు. దాన్నే తోడుగా వేస్తే మళ్లీ చిప్ప నిండా సూదులే. ఆయన చెయ్యి చాచాడు. ఆమె మూత పెట్టేసింది.

"దీపాలు వెట్టినంక తోడు ఇయ్యరన్నా. పొద్దుగూకింది. రేపు రా. వచ్చేటప్పుడు గా రిజిస్టర్ల నా పేరు కొట్టేసి రా. ఎవరి ముందట రాసినవో వాళ్ల ముందటనే, నాగరాణి దొంగ కాదని చెప్పి రా. నాకు ఇంకేం వద్దు. పిల్లను ఇప్పటికీ గట్లనే పిలుస్తున్నరు."

"రాస్త. రేపే రాస్త. మా బాపు మీద ఒట్టు. కానీ గడువు దగ్గరికొచ్చింది రాణీ, ఇయ్యాల ఇయ్యి."

ఆమె బరిణె మూత మళ్లీ తీసింది. సగం సూదులు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. అమ్మమ్మల నాటి నుంచి ఆ ఇంటి ఆడవాళ్లు ఎవరూ తప్పని పట్టింపును అన్న కోసం తప్పింది. ఆయన పొట్లం జేబులో పెట్టుకుని ఆఖరి బస్సుకు పరుగెత్తాడు.

తోడు పని చేసింది. చిప్ప నిండా పసుపు సూదులు. ఎక్స్‌రేలో అణువులన్నీ ఒకే వైపు తల పెట్టి, ఒక్కటి కూడా ఎదురు తిరగకుండా నిలబడ్డాయి. గైడు భుజం తట్టాడు. మార్చిలో థీసిస్ ఇచ్చాడు, ఏడాది లోపల డాక్టరేటు వచ్చింది, పెద్ద పత్రికలో వ్యాసం వచ్చింది. రిజిస్టరు మాత్రం బీరువాలోనే ఉంది. కొట్టేయాలంటే ఆ మూడు లీటర్లు ఎవరివో చెప్పాలి. థీసిస్ ఇచ్చాక రాద్దామనుకున్నాడు. పట్టా చేతికొచ్చాక రాద్దామనుకున్నాడు. రేపు అనే మాటకు చావు లేదు కదా.

2010 జనవరిలో కాలేజీ వాళ్లు సన్మానం పెట్టారు. కోదాడ సెంటర్లో ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. దాన్ని చూసినవాళ్లెవరో మిర్యాలగూడలో చెప్పారు. నాగరాణి ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. "మీ మామ ఇయ్యాల అందరి ముందట నా పేరు కొట్టేస్తడు, నువ్వు సూద్దువు రా" అని కూతురికి జడ వేసి వెంట తీసుకొచ్చింది. గేటు దాటగానే పాత అలవాటు గుర్తు పెట్టుకుంది. స్టాఫ్ రూము గడప దగ్గర నిలబడి, "సార్, రాస్తనంటిరి" అంది.

పరశురాములు మెడలో దండ సర్దుకున్నాడు.

"ఎవరీమె?" అన్నాడు శశిధర్ రెడ్డి.

"పాత స్పిరిట్ కేసు సార్. మళ్లీ పని కావాలని వచ్చినట్టుంది" అన్నాడు పరశురాములు.

ఎర్రయ్య వచ్చి ఆమె రెక్క పట్టుకున్నాడు. ఆమె గింజుకోలేదు, అరవలేదు. వర్షిణి మాత్రం గేటు దాకా వెనక్కి తిరిగి తిరిగి చూసింది. సన్మానంలో ఆ పూట పెట్టిన స్వీటు పరశురాములు రెండుసార్లు వేయించుకుని తిన్నాడని జగదీశ్ తర్వాత ఎవరికో చెప్పాడు. అబద్ధమై ఉండొచ్చు, కానీ నమ్మాలనిపిస్తుంది.

రెండేళ్లు బాగానే గడిచాయి. ఒక చిప్పలోంచి తీసిన సూది ఇంకో చిప్పకు తోడు. 2012 ఎండల్లో ఒక చిప్ప ఇటుక పలకలు కట్టింది. తర్వాతిదీ అంతే. ఆ పలకల దుమ్ము ల్యాబంతా పట్టింది. గాలిలో, గుడ్డల్లో, ఆయన గోళ్లలో. ఎక్కడ గిన్నె పెట్టినా ఆ దుమ్ము రేణువొకటి పడి అదే తోడవుతోంది. పులిసిన పెరుగు తోడేస్తే పులిసిన పెరుగే కదా వచ్చేది. అదే సమయానికి విదేశాల్లో ఎవరో ఆయన అణువును చేసి చూసి, మాకు పచ్చ వెలుగు రావడం లేదని రాశారు. ఆ ఉత్తరం తిరిగి తిరిగి యూనివర్సిటీకి చేరింది. కమిటీ వేశారు. 2014 జులై లోపల కమిటీ ముందు మళ్లీ చేసి చూపించు, లేకపోతే లేని ఫలితం రాశావని డాక్టరేటు వెనక్కి తీసుకుంటామన్నారు. పత్రికలో చిన్న వార్త కూడా పడింది. స్టాఫ్ రూములో ఎవరూ దొంగ అనలేదు. ఆయన లోపలికి రాగానే మాట్లాడడం మానేసేవాళ్లు, అంతే.

మిల్లుకు ఫోను చేశాడు. ఎవరో పిలుచుకొచ్చారు.

"రాణీ, ఆ బరిణెల మిగిలినయ్ గద, ఉన్నయా?"

మిల్లు మోతలోంచి ఆమె గొంతు వచ్చింది.

"ఉన్నయ్. రాసి పట్టుకరా. అందరి ముందట."

కొత్త రాష్ట్రం వచ్చిన వారం అది. కోదాడలో ఇంకా తోరణాలు తీయలేదు. పరశురాములు స్టాఫ్ రూము బల్ల మీద ఎనిమిదేళ్ల నాటి రిజిస్టరు పరిచి, అందరినీ పిలిచి, ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. "మూడు లీటర్లు నేను వాడుకున్న. నాగరాణి దొంగ కాదు" అని పైకి చదువుతూ పక్కన రాశాడు. జగదీశ్ మొదటిసారి నవ్వలేదు. శశిధర్ రెడ్డి కబురు అందుకుని వచ్చాడు.

"ఎనిమిదేళ్లు ఎక్సైజు రిజిస్టర్లో అబద్ధం పెట్టుకుని కూర్చున్నారా? నా కాలేజీ మీదికి తెచ్చారు కదా సారూ! రాజీనామా రాయండి, ఇప్పుడే."

రాసిచ్చాడు. ఉద్యోగం పోతే పోయింది, సూదులొస్తే డాక్టరేటు నిలబడుతుంది, పేరు నిలబడుతుంది, ఇంకోచోట బతకొచ్చు అనుకున్నాడు. ఆ పేజీ జిరాక్సు తీయించుకుని మిర్యాలగూడ బస్సెక్కాడు.

నాగరాణి ఇప్పుడు మిల్లు పక్క రేకుల గదిలో ఉంటోంది. కాగితం తీసుకుని వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకుంది. తన పేరు దగ్గర ఆగింది. తర్వాత కూతురికి ఇచ్చింది. పదహారు పదిహేడేళ్ల వర్షిణి గట్టిగా చదివింది, పక్క గదుల వాళ్లకు కూడా వినపడేలా. "నాగరాణి దొంగ కాదు." తల్లి ఇంకోసారి చదవమంది. పిల్ల ఇంకోసారి చదివింది.

"బరిణె తియ్యి రాణీ" అన్నాడు పరశురాములు.

ఆమె స్టూలెక్కి, పై కప్పుకు ఆనించి ఉన్న చెక్క మీంచి బరిణె దించింది. పైన రేకు కాలుతోంది. ఇత్తడి కూడా వెచ్చగా ఉంది. ఆయన మూత తీశాడు. సూదులు సూదుల్లాగే ఉన్నాయి. పసుపు మాత్రం పోయింది. ఇటుక రంగుకు తిరిగి, మెరుపు చచ్చి, పొడిబారి ఉన్నాయి. ఒకటి తీసి వేళ్ల మధ్య పెట్టగానే పిండి అయింది. ఇంకొకటి తీశాడు, అదీ పిండే. చూపుతోనే తెలిసిపోయినదాన్ని ముట్టుకుని ముట్టుకుని చూశాడు.

"ఇవి కుండ కింద ఉండె గద!"

"ఉండె. మీరు కాలేజీల స్పిరిట్ కేసు అన్ననాడు తీసి గాడ పడేసిన. గా ఎండాకాలమే రంగు తిరిగినయ్."

"నాలుగేండ్ల కిందనా? మరి ఫోన్ల ఉన్నయ్ అంటివి!"

"మీరు రేపు రాస్తనంటిరి. గట్లనే."

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. అణువులకు ఇచ్చే కొసను, లాక్కునే కొసను పదకొండేళ్లు గీసిన మనిషి, ఆ రేకుల కింద కూర్చుని తనకు మిగిలిందేమిటో లెక్క చూసుకున్నాడు. ఉద్యోగం లేదు. ఇంకో నెలకు డాక్టరేటు ఉండదు. రేపటి నుంచి ఏ స్టాఫ్ రూములోనైనా తన పేరు వినపడితే ఆ మాట కూడా వినపడుతుంది, ఏ మాటైతే ఎనిమిదేళ్ల కింద తన చేత్తో రాశాడో ఆ మాటే. దాన్ని కొట్టేయడానికి ఎవరి ముందు నిలబడాలో కూడా ఆయనకు తెలియదు.

నాగరాణి బరిణె ఆయన చేతిలోంచి తీసుకుంది. ఇటుక రంగు పిండిని గడప బయట దులిపి, కొంగుతో లోపల తుడిచింది. జిరాక్సు కాగితాన్ని నాలుగు మడతలు, ఎనిమిది మడతలు పెట్టి అందులో ఇమిడేట్టు నొక్కి మూత పెట్టింది. ఆయన ఇంకా లేవలేదు. అది ఆమె ఇల్లు, కాలేజీ గేటుకు నలభై మైళ్ల దూరం.

"పొద్దుగూకుతున్నది. బస్సుకు పోండి సార్" అంది.